అత్తింట్లో పుట్టింటి గని

మన ఇంటి జ్ఞాపకాల్లో ఇప్పటిదాకా సాంచెల గురించే రాసుకున్నాం. ఈసారి కోడలి వైపు ముచ్చట. మా ఊరు కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనులు. అమ్మ వాళ్ళ నాన్న ఛాంపియన్ రీఫ్స్ గనిలో, భూమి లోపల, టింబరింగ్ పని చేసేవారు. నేను అక్కడే కన్నడ మీడియంలో చదివి, టెస్టింగ్ ఉద్యోగంలో చేరి, పెళ్ళయి పద్మనగర్ వచ్చాను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. "గని అంటే ఎట్లుంటది అమ్మా?" అని బాబు అడిగాక, వాడి బొమ్మ రైలు పక్కన ఒక గని కడదామనుకున్నాను.

రైలు కల్పన కాదు. బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట నుంచి గనులకు 1894లోనే లైను పడింది. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం స్టేషన్ల మీదుగా ఇప్పటికీ రైళ్ళు నడుస్తాయి. మా స్కేలు 1:160. 30 మీటర్ల కట్టడం 19 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది.

ముందుగా కట్టింది షాఫ్టు మీది ఇనుప టవరు. దాని నెత్తిన గిరకలు. కొంచెం దూరంలో వైండింగ్ ఇంజను ఇల్లు. అక్కడి డ్రమ్ము నుంచి ఉక్కు తాడు ఏటవాలుగా పైకెక్కి, గిరక మీదుగా షాఫ్టులోకి దిగుతుంది. బావిలో చేద తోడేటప్పటి లెక్కే: బరువు కిందికి లాగితే, తోడే మనిషి పక్కకు లాగుతాడు. అందుకే టవరు వెనక కాళ్ళు ఇంజను ఇంటి వైపు చాచి ఉంటాయి. నాది టెస్టర్ బుద్ధి కదా, కాళ్ళు అతికించక ముందే దారానికి నట్టు కట్టి లాగి చూశాను. టవరు అటే ఒరిగింది. కాళ్ళు పెట్టాక కదల్లేదు.

ఆ కాళ్ళు మామయ్య ఇచ్చిన పాత రీడు పట్టీలు. తాడేమో పురిపెట్టిన నూలు. కింద సాంచెలు నడిస్తే ఇల్లంతా అదురుతుంది, ఒట్టి జిగురు నిలవదు. అందుకని మామయ్య ప్రతి అతుకునూ దారంతో బిగించారు. వెనకాల సయనైడ్ దిబ్బలకు జల్లించిన సన్న ఇసుక పోశాం. రాయిని పిండిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది.

వీడియో కాల్‌లో చూసి అమ్మ అంది: "బాగుండాది. కానీ మా నాయన పనిచేసింది దాని కింద కదమ్మా!"

నిజమే. ఛాంపియన్ రీఫ్స్ లోతు 3.2 కిలోమీటర్లు. మా స్కేలులో 20 మీటర్లు! అంత లోతులో రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఉన్నట్టుండి రాయి పేలి మీద పడేది. ఆ భయం మధ్యనే తాత కర్రలు నిలబెట్టేవారు.

రెండో అంతస్తు మెట్ల దగ్గర పలక పెట్టి, షాఫ్టు రంధ్రంలోంచి నల్లదారం కిందికి వదిలాం. సాంచెల గది గుమ్మం దాకా ఆరు మీటర్లు దిగింది. అంటే కిలోమీటరు కూడా కాలేదు. బాబు దారం కొస పట్టుకుని నేల వైపు చూశాడు. "ముత్తాత ఇంకా కిందనా?" అన్నాడు. "ఇంకా చాలా కింద" అన్నాను. మామయ్య సాంచె ఆపి వచ్చి, వాడి పక్కన కాసేపు నిలబడ్డారు.