మట్టం తప్పిన అరుగు

మీ పెరట్లో చెక్క అరుగు ఉన్నట్లయితే దాని నాలుగు మూలలనూ ఒకసారి కాలితో నొక్కి చూడండి. ఏ మూలైనా కదిలితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

అనంతపురంలో మా ఇంటి వెనుక, వేపచెట్టు కింద ఒక చెక్క అరుగు వేయించాను. మోకాళ్ల నొప్పులతో బాధపడే నా శ్రీమతి సాయంత్రం వేళ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చునేది. వేసిన నాడు వడ్రంగి రసమట్టం పెట్టి చూపించాడు. బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. వేసవి గడిచింది. వానలు పడ్డాక ఒక మూల కుంగి, మెట్టుబండకూ చెక్కకూ మధ్య వేలెడు మందం తేడా వచ్చింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాకముందే ఆమె తట్టుకుని పడింది. చేయి ఆనించడంతో మణికట్టు ఎముక విరిగింది. వృద్ధులందరికీ గడపల దగ్గర జాగ్రత్త అని చెబుతూ ఉద్యోగం ముగించిన వైద్యుణ్ణి నేను!

మెట్టు పెద్దదైతే కన్ను పసిగడుతుంది, కాలు దానికి తగినట్టు లేస్తుంది. చదునైన నేల మీద నడిచేటప్పుడు మాత్రం మన కాలి వేళ్లు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే సాగుతాయి. అందుకే వేలెడు తేడా జానెడు మెట్టు కన్నా ప్రమాదకరం. ముట్లు ఆగి, ఎముకలు పలచబడిన స్త్రీలలో ఇలాంటి చిన్న పాటుకే మణికట్టు విరుగుతుంది. వయసు ఇంకా పైబడితే తుంటి విరుగుతుంది. అది మనిషిని మంచానికే కట్టేస్తుంది.

అరుగు ఎందుకు కుంగింది? మూడు ఆధారాలు గట్టి మొరం మీద ఉన్నాయి; నాలుగోది ఇల్లు కట్టిననాడు పూడ్చిన గుంత మీద పడింది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా మాది. ఎండిన పూడికమట్టి కూడా నెలల తరబడి రాయిలా నమ్మిస్తుంది. తడిస్తే గాని దాని గుణం బయటపడదు.

ఈసారి వచ్చిన మేస్త్రీ రసమట్టాన్ని పక్కన పెట్టి, పారదర్శకమైన సన్నని గొట్టంలో నీళ్లు నింపాడు. గొట్టంలో గాలిబుడగ లేకుండా చూసుకుని, రెండు కొసలనూ తెరిచి, నీరు కదలకుండా నిలిచాక నాలుగు ఆధారాల మీదా గీతలు పెట్టాడు. మూరెడు రసమట్టంతో అంగలు వేస్తూ పోతే ప్రతి అంగకూ కొంత తప్పు చేరుతుందట. నీటికి ఆ దోషం లేదు. కుంగిన మూలను మొరం తగిలేదాకా తవ్వించి, దిమ్మిస కొట్టించి, వెడల్పాటి బండ పరిపించాడు. మిగిలిన సందులో చెక్కపేడు దూర్చబోతే నేనే వద్దన్నాను, చెదలకు విందు చేసినట్టవుతుందని. బండముక్క పెట్టాడు. దూలాల మీది దంతెలలో రెండు కాస్త వంగి ఉన్నాయి. వాటి ఉబ్బు పైకి వచ్చేలా తిప్పి, దారం లాగి, ఎత్తుగా ఉన్నచోట చిత్రిక పట్టించాడు. బరువు పడితే ఉబ్బు అణుగుతుందని అతని లెక్క.

కట్టు విప్పిన వారానికి ఆమె మళ్లీ అరుగు దగ్గరికి వచ్చింది. ముందు నన్ను నాలుగు మూలలా నడిచి చూపమంది. నడిచాను. అప్పటికీ కుర్చీని మాత్రం పాత మూలకు దూరంగానే వేయించుకుంది.