వీపు మీద కాగితం

రైడ్‌కి పేరు రాయించుకున్నప్పుడు ఒక తెల్ల కాగితం, నాలుగు పిన్నీసులు చేతిలో పెట్టారు. కాగితం మీద "నేను తొక్కేది ........ కోసం" అని అచ్చేసి ఉంది. ఖాళీ నింపి వీపుకి తగిలించుకోవాలి. నేను "అమ్మ" అని రాశాను. పక్కనే ఉన్న నా రూమ్మేట్ అది చూసి, "ఇది క్యాన్సర్ రైడ్ కదరా. మీ అమ్మగారు గుండెపోటుతో కదా..." అన్నాడు.

ఫస్టియర్‌లో వాడికి అలా చెప్పింది నేనే.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. అమ్మ చుట్ట తాగేది. అదీ అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. కొత్తవాళ్లకి సర్కస్‌లా ఉంటుంది గానీ మా వైపు ఆడవాళ్లకి మామూలే. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద పని మీద పడదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. హాస్టల్లో చెప్తే నవ్వుతారని భయం. అందుకే గుండెపోటు.

అమ్మకి అంగిట్లో పుండు లేచింది. కారం తగిలితే మంట అని చప్పిడి కూడు తినేది. మందుల షాపులో బీకాంప్లెక్స్ మాత్రలు ఇచ్చారు. మూడు వారాలైనా మానని పుండుని డాక్టరుకి చూపించాలని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. విశాఖ చేరేసరికి ఎనిమిది నెలలు దాటింది. ఆ తర్వాతి సంగతి రాయను, రాయలేను కూడా.

అమ్మ పోయాక కాలేజీ లైబ్రరీలో కూర్చుని వెతికితే 1971 నాటి పరిశోధనా పత్రం ఒకటి కనబడింది. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లు కలిసి మన ఆంధ్ర పల్లెల్లో 10,000 మందికి పైగా జనం నోళ్లు చూసి, అడ్డపొగకీ అంగిటి మచ్చలకీ ఉన్న సంబంధం రాశారు. అమ్మ పుట్టకముందే! ఆ సంగతి మా పల్లెదాకా నడిచి రాలేకపోయింది. ఆ రోజు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు.

సరే, రైడ్. ఆదివారం తెల్లారుజామున ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా, సుమారు 25 కిలోమీటర్లు. చందాలు పేషెంట్ల తాలూకు మనుషుల భోజనాలకి. మా సెక్షన్లో అడిగి 2,300 పోగుచేశాను. సైకిలు సీనియర్‌ది, గేర్లది. మెకానికల్ మూడో సంవత్సరం కదా, గేర్ రేషియో మీద రెండు పేజీలు రాయగలను. తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడొస్తే మాత్రం ఏ గేరు వేయాలో తెలీక దిగి నెట్టుకుంటూ వెళ్లాను. రుషికొండ దగ్గర కూడా అంతే. వెనకనుంచి వచ్చిన ఒక పెద్దాయన నా కాగితం చదివి, ఏమీ అనకుండా కాసేపు నా పక్కనే నెమ్మదిగా తొక్కాడు. ఎర్రమట్టి దిబ్బలు దాటేటప్పుడు రూమ్మేట్‌కి నిజం చెప్పేశాను. వాడు నవ్వలేదు. "మా తాతకి గుట్కా" అన్నాడు, అంతే.

భీమిలిలో అందరూ ఇడ్లీల దగ్గర మూగితే నేను ఒడ్డుకి నడిచాను. ఒకామె ఇసకలో చేపలు ఎండేస్తోంది. నోట్లో చుట్ట. నిప్పు లోపలికి.

"ఏటి బాబూ, నీ ఈపు మీద ఏటి రాసుంది?"

"అమ్మ కోసం అని."

"ఏటైంది మీ యమ్మకి?"

"నీలాగే అడ్డపొగ తాగీదమ్మా. అంగిట్లో పుండు లేచింది. పోయింది."

ఆమె చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా ముందుకొచ్చి, "నాకూ ఉందేటో సూడు" అని నోరు తెరిచింది. ఫోన్ లైటు వేశాను. అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రెర్రని చుక్కలు. నాకేం తెలుసు? చెయ్యి వణికింది. రైడ్ వాళ్లు నోటి పరీక్షలకి వేసిన టెంటు చూపించి, డాక్టరమ్మ ఉంది, డబ్బులక్కర్లేదు, ఇప్పుడే వెళ్లమన్నాను.

"సేపలో? కాకులు ఉంచుతాయేటి?"

"నేను చూస్తాను, నువ్వెళ్లు."

ఆమె కొంగు దులుపుకుని రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. ఇసకలో చుట్ట ఇంకా పొగలొస్తోంది. నేను వీపు మీది కాగితం విప్పి, అది ఊపుకుంటూ కాకుల్ని తోలుతూ కూర్చున్నాను.