కుంతాలకు ముందు... కనకాయి!

ఆదిలాబాద్ జలపాతం అనగానే అందరి నోటా వచ్చే పేరు కుంతాల. దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే నీళ్లు, శకుంతల పేరుతో ముడిపడ్డ కథ, గుహలో కొలువైన సోమేశ్వరస్వామి, శివరాత్రి సందడి, ఆదివారమైతే బారులు తీరే కార్లు. పేరంతా దానిదే. అయితే అక్కడ దూకుతున్న కడెం నది అంతకుముందు ఏ దారిన వచ్చింది, ఏం చేసి వచ్చింది అని అడిగేవాళ్లు తక్కువ. బజార్‌హత్నూర్ వైపు కొండల్లో పుట్టిన ఈ నది, కుంతాల చేరకముందే గిర్నూర్ అడవిలో రాళ్లను కోసుకుంటూ, గుండాలు తవ్వుకుంటూ ఒక చిన్న లోయ కట్టుకుంది. ఆ లోయే కనకాయి. వాహనం ఊరి దగ్గర వదిలేసి, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత నడక.

మంచుకొండలూ దేవదారు చెట్లూ కావాలంటే హిమాలయాలకు పోవాల్సిందే. టేకు ఆకుల మీద చినుకుల చప్పుడు, మోకాలి లోతు వాగు, తల పైకెత్తి చూడాల్సిన రాతి గోడలు చాలనుకుంటే మాత్రం ఇచ్చోడ బస్సెక్కొచ్చు.

గునుగు పూల దారిలో...

హైదరాబాద్ నుంచి నిర్మల్ దాటాక 44వ నంబరు జాతీయ రహదారి ఘాట్ ఎక్కుతుంది. ఒకప్పుడు ఏడో నంబరు రోడ్డుగా లారీ డ్రైవర్లందరికీ తెలిసిన దారే ఇది. ఘాట్ దాటితే గాలి మారినట్టు తెలుస్తుంది. నేరడిగొండ, ఆ తర్వాత ఇచ్చోడ. రోడ్డు పక్కన పత్తి గింజల దుకాణాలు, ఎరువుల బస్తాలు, పొద్దున్నే అటుకుల పోహా, పక్కనే మరుగుతున్న చాయ్. హోటల్లో ఒక బల్ల దగ్గర తెలుగు, ఇంకో బల్ల దగ్గర మరాఠీ, మూడోచోట గోండి వినిపిస్తుంది. మహారాష్ట్ర సరిహద్దు దూరమేమీ కాదు. బేరాలు మూడు భాషల్లోనూ తెగుతాయి.

ఇక్కడి నుంచి బజార్‌హత్నూర్ వైపు తిరిగితే గిర్నూర్. మేం వెళ్లింది సెప్టెంబరు చివరి వారంలో. చేలల్లో సోయా పసుపెక్కుతోంది, పత్తికి కాయలు పట్టాయి. గట్ల మీద గునుగు, తంగేడు విరగబూశాయి. బతుకమ్మకు పూలు కోసుకొస్తున్న ఇద్దరమ్మాయిలు మా ఫొటోగ్రాఫర్ కెమెరా చూసి బుట్టలు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఊళ్లో ఒక పెద్దాయన తోడు వస్తానన్నాడు. పేరు పత్రికలో వద్దన్నాడు కాబట్టి కాకా అనే పిలుద్దాం. వయసు అరవై దాటి ఉంటుంది. భుజాన తువ్వాల, చేతిలో తనకన్నా పొడవైన వెదురు కర్ర. ఆ కర్ర అంత పొడవు దేనికో కాసేపటికిగానీ తెలియలేదు.

గిర్నూర్ నుంచి నడక రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ముందు చేలు, తర్వాత టేకు, మద్ది, ఇప్ప చెట్లు. ఎండాకాలమైతే ఇదే అడవిలో జనం తునికాకు కోస్తుంటారు. వానలు వెనకపట్టిన ఈ నెలలో అడుగులకు బురద, చెవులకు కీచురాళ్లు. అడవి దాకా వచ్చి ఫోన్ చూసుకునే అలవాటున్నవాళ్లకు ఇక్కడ కొంత ఇబ్బందే. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

చెట్టు మీద గడ్డి

లోయలో దుర్గమ్మ కొలువుంది. కనకదుర్గ జలపాతం అని కొందరు పిలిచేది అందుకే. పత్రికల్లోనూ బోర్డుల మీదా ఎలా రాసినా, ఊరి జనం నోట మాత్రం కనకాయే. మరాఠీలో ‘ఆయి’ అంటే అమ్మ. అమ్మవారికి దండం పెట్టుకుని కాకా చెప్పులు చేతపట్టుకున్నాడు. అక్కడి నుంచి దారంటూ వేరే ఉండదు. వాగే దారి.

మొదట వచ్చేది చిన్న కనకాయి. పది అడుగుల ఎత్తు కూడా ఉందా అనిపించే జారుడు. పిల్లలు చూస్తే ఇక్కడే ఆగిపోదామంటారు. మేం దాటి ముందుకెళ్తుంటే కాకా కర్ర పైకెత్తి ఒక చెట్టు కొమ్మను చూపించాడు. నా తలకన్నా బాగా ఎత్తులో ఉంది. దాని పంగలో ఎండుగడ్డి, పుల్లలు, చిరిగిన ప్లాస్టిక్ సంచి చిక్కుకుని వేలాడుతున్నాయి. పిట్టగూడు అనుకున్నాం.

‘‘గూడు గాదు సారూ. వానకాలంల వాగు పెట్టిపోయిన గుర్తు. నీళ్లు గంత మీదికెళ్లి పోయినయ్’’ అన్నాడు.

మేం నిలబడ్డ చోట నీళ్లు మడమల దాకా ఉన్నాయి. ఆ తర్వాత దారి పొడవునా కళ్లు కొమ్మల వైపే పోయాయి. ఒక్క చెట్టు కాదు, ఒడ్డున చాలా చెట్లకు ఆ గడ్డి పాగాలున్నాయి. వరద ఎంత ఎత్తున వచ్చిందో నది తానే రాసిపెట్టుకున్న లెక్కలు అవి.

అసలైన అందం రెండో మెట్టు దగ్గర ఉంది. బండ రేగడు. ఎత్తు ముప్ఫై అడుగులే ఉంటుంది కానీ వెడల్పు చూడాలి. వంద అడుగుల దాకా పరుచుకున్న రాతి అంచు మీద నుంచి నీళ్లు తెరలా జారుతాయి. కుంతాల దగ్గర నీటి హోరుకు మాట వినపడదు. ఇక్కడ పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. కింద పెద్ద మడుగు. పచ్చటి నీళ్లు, అడుగు కనపడదు. నా వరకు నేను కుంతాల కన్నా దీనికే ఎక్కువ మార్కులేస్తాను. ఎత్తు చూసి జలపాతాలకు ర్యాంకులిచ్చే అలవాటు మనకెప్పుడు పోతుందో!

మడుగు చూడగానే ఈత వచ్చినవాళ్ల కాళ్లు ఆగవు. కాకా కాళ్లు ఆగాయి. పొడవాటి కర్రను ఒడ్డునే నీళ్లలోకి దించాడు. మొదటి అడుగులో మోకాలి లోతు, రెండో అడుగు దగ్గర కర్ర మొత్తం మునిగి చెయ్యి తడిసింది. జలపాతం కింద రాయిని నీళ్లు ఏళ్ల తరబడి తొలిచేస్తాయి. పైకి మడుగు నిద్రపోతున్నట్టే ఉంటుంది. ధార పడేచోట మాత్రం నీళ్లు కిందికి దిగి, గిర్రున తిరిగి, మళ్లీ ధార వైపే లాగుతాయి. ఈతగాళ్లకు కూడా ఆ సుడిలోంచి బయటపడటం కష్టం. దానికితోడు పాకురు పట్టిన బండలు. ఈ జిల్లా జలపాతాల దగ్గర ప్రాణాలు పోయినట్టు వానాకాలమంతా వార్తలు చదువుతూనే ఉంటాం.

ఇక్కడ చినుకు లేకున్నా...

మధ్యాహ్నం బండ మీద జొన్నరొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం. ఆకాశం శుభ్రంగా ఉంది. వాగు వస్తే ముందు తెలుస్తుందా అని కాకాను అడిగాను. తెలుస్తుందన్నాడు. ముందు నీళ్ల రంగు చాయ్ లెక్క మారుతుందట. తర్వాత ఆకులు, పుల్లలు, నురగ వస్తాయి. అప్పటిదాకా గలగలమన్న చప్పుడు బరువెక్కుతుంది. ‘‘ఈడ సుక్క పడకున్నా వాగొస్తది. పైన యాడ్నో వాన కొట్టుంటది. రంగు మారినంక సామాను సదురుకుంట కూసోవద్దు, ఒడ్డెక్కాలె’’ అన్నాడు.

ఇందులో మర్మమేమీ లేదు. తెలంగాణలో వానలు ఎక్కువగా కురిసే ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. నిటారు కొండలు, రాతి నేల. భారీ వర్షం పడితే నీరు ఇంకే తీరిక ఉండదు. చుట్టుపక్కల వాగులన్నీ ఒకేసారి ఇరుకు లోయలోకి దిగుతాయి. మైదానంలో పక్కలకు పరుచుకునే వరద, లోయలో పైకి లేస్తుంది. చెట్ల మీద గడ్డి అందుకే అంత ఎత్తున ఉంది.

ఈ నది కోపం ఏపాటిదో కింద ఉన్న కడెం ప్రాజెక్టును అడగాలి. 1958 వరదలకు ఆనకట్ట తెగింది. 1995లో మళ్లీ గండి పడింది. 2022 జులైలో అయితే 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. 18 గేట్లున్న ఆ ప్రాజెక్టు వదలగలిగింది సుమారు మూడు లక్షలు. నీళ్లు గేట్ల మీదుగా పొంగాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించి రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. మరుసటి ఏడాది జులైలోనూ గేట్ల మీదుగా నీళ్లు పారాయి. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు కోటీ నలభై లక్షల లీటర్లు! అవన్నీ కనకాయి లోయలోంచే వెళ్లినవి కావు, ప్రాజెక్టు చేరేలోగా ఎన్నో వాగులు కలుస్తాయి. అయినా మేం రొట్టె తిన్న బండ కూడా ఆ రోజు నది అడుగున ఎక్కడో ఉండి ఉంటుంది.

ఇలాంటి కథలు మన జిల్లావే కావు. 1999 జులైలో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెటన్ వాగు లోయలో సాహసయాత్రకు దిగిన బృందం మీదికి ఎగువన కురిసిన వాన నీరు గోడలా వచ్చిపడింది. 21 మంది చనిపోయారు. వాళ్లలో దారి చూపే గైడ్లూ ఉన్నారు. 2014 జూన్ 8 మనవాళ్లు మరిచిపోలేని తేదీ. హిమాచల్‌లో బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఒకచోట వాన, ఇంకోచోట డ్యామ్. రెండుచోట్లా మనుషులు నిలబడ్డ దగ్గర ప్రమాదం జాడ లేదు. అది పైనుంచి వచ్చింది.

చీకటి గుండం అంచున

మూడోది చీకటి గుండం. పేరుకు తగ్గట్టే ఉంది. రెండు కొండలు దగ్గరకు జరిగి, మధ్యాహ్నం పూట కూడా వెలుతురు తగ్గిపోతుంది. గోడల మీద నాచు, తడి వాసన, రాతి చీలికల్లోంచి వేలాడే చెట్ల వేళ్లు. ఇంత సేపూ కబుర్లు చెప్పిన ఫొటోగ్రాఫర్ గొంతు కూడా ఇక్కడ తగ్గింది. నీళ్లు నల్లగా, నిశ్చలంగా కనిపిస్తాయి. లోతు ఎంత అంటే కాకా కర్ర వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

అక్కడ పావుగంట ఉన్నామేమో. కాకా మాట్లాడటం ఆపి నీళ్ల వైపు చూశాడు. నాకు తేడా ఏమీ కనిపించలేదు. రెండు టేకాకులు తేలుతూ వచ్చాయి. వెనకే నాలుగు. తర్వాత సన్నటి నురగ. ‘‘పాండ్రి’’ అన్నాడు. ఎండ కాస్తూనే ఉంది. ‘‘ఇంకో రెండు ఫొటోలు కాకా’’ అని మావాడు బతిమాలాడు. ‘‘ఫొటోలు రేపు గూడ తీయొచ్చు బిడ్డా’’ అని చెప్పి కర్ర తీసుకుని నడిచాడు. ఇక వెంట వెళ్లక తప్పుతుందా!

మేం ఒడ్డెక్కి బండ రేగడు మీదుగా తిరిగొచ్చేసరికి పొద్దున తెరలా జారిన తెల్లటి నీళ్లు ఎర్రబారాయి. వచ్చేటప్పుడు కాలు పెట్టి దాటిన రాళ్లలో రెండు కనిపించలేదు. పెద్ద వరదేం కాదు, మోకాలి లోతు నీళ్లు నడుము దాకా పెరిగాయి, అంతే. ఆ కాస్తకే, పొద్దున నవ్వుకుంటూ దాటిన చోటు ఇప్పుడు దాటలేని చోటైంది. కాకా మమ్మల్ని వాగులోకి దింపలేదు. చుట్టూ తిప్పి, ముళ్లపొదల్లోంచి గట్టు మీది దారిన ఊరికి చేర్చాడు. చొక్కా చేతులు చిరిగాయి. పడమట కొండల మీద మబ్బు అప్పుడు కనిపించింది, అరచేయంత.

కొండల్లో నడక ఇక్కడివాళ్లకు వినోదం కాకముందు నుంచీ ఉన్నదే. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు గోదావరి ఒడ్డున హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గంగాజలం తెస్తారు. ఎక్కడ ఆగాలో, ఏ దారిన పోవాలో పెద్దల నుంచి నేర్చుకున్న లెక్క. బోర్డులు పెట్టి, కంచెలు వేసి అధికారులు చేయగలిగింది కొంత. రెండు ఆకులు చూసి ‘పాండ్రి’ అనే చదువు ఏ బోర్డు మీదా రాయలేరు.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి సుమారు 270 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వెళ్లే ఆర్టీసీ బస్సులో ఇచ్చోడ దగ్గర దిగి, గిర్నూర్‌కు ఆటో మాట్లాడుకోవాలి. జులై, ఆగస్టుల్లో నీళ్లు ఎక్కువే కానీ లోయలోకి దిగే నెలలు కావవి. అక్టోబరు, నవంబరు మేలు. నీళ్లు తేటపడి, వాన భయం తగ్గి, ఉదయం పూట చలి మొదలవుతుంది. డిసెంబరు వస్తే ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. మర్నాడు కూడా ఉండగలిగితే నేరడిగొండ వైపు కుంతాల, తర్నం ఖుర్ద్ దగ్గర గాయత్రి జలపాతం అదే నది మీద ఉన్నాయి.

పట్టున్న చెప్పులో బూట్లో వేసుకోండి. తిండి, మంచినీళ్లు వెంట ఉంచుకోండి, తిన్న కవర్లు వెనక్కి తెండి. చిన్నపిల్లలుంటే చిన్న కనకాయి దగ్గరే ఆగడం మంచిది. బయల్దేరే ముందు ఊళ్లో అడిగితే తోడు దొరుకుతుంది. బేరమాడకుండా ఒక రోజు కూలి ఇచ్చి, ఆ పూట భోజనం మీతోపాటే పెట్టండి. పత్తి ఏరే రోజుల్లో ఆయన మీ కోసం చేను వదిలి వస్తాడు.