నడవ

మొన్న మాఘమాసంలో మా అమ్మను, పెద్దమ్మాయిని వెంటబెట్టుకొని మధుర నుండి రామేశ్వరం వెళ్ళాను. రైలులో అమ్మాయి పత్రిక తిరగేస్తూ అడిగింది:

"నాన్నా, కారిడార్ అంటే వరండాయే కదా? మరి ఏనుగుల కారిడార్ ఏమిటి?"

నిజమే, ఆ ఇంగ్లీషు మాట ఒక్కచోట నిలిచేది కాదు. దాని పుట్టుక ఇటలీ భాషలో, పరుగెత్తడం అనే అర్థంలో. మొదట కోటగోడల వెంబడి సాగే మాటు దారికి ఆ పేరుండేది. 1565లో ఫ్లోరెన్సు నగరపు ప్రభువు వీధిలో జనం కంటబడకుండా ఒక భవనం నుండి మరొక భవనానికి పోవడానికి, నదిపై వంతెన మీదుగా పైకప్పు గల దారి వేయించుకున్నాడు. దాన్ని కట్టిన వసారి పేరుతోనే అది నేటికీ ఉన్నది. తర్వాత ఆసుపత్రిలో గదుల ముందరి దారీ కారిడారే అయింది. దేశపటంలో ఈశాన్య రాష్ట్రాలను మనతో కలిపే సిలిగురి వద్ద సన్నని నేలా కారిడారే. ఇరుకైనచోట దాని వెడల్పు ఇరవై రెండు కిలోమీటర్లే.

ఇక ఏనుగుల సంగతి. మేతకూ నీళ్ళకూ అవి ఒక అడవి నుండి మరొక అడవికి పోయే దారి అది. నీలగిరిలో సీగూరు వద్ద ఆ దారిలో రిసార్టులు, కంచెలు లేచాయి. ఆ నేలను ఏనుగుల దారిగా ప్రకటించడం సబబేనని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

"అయితే మధ్యలో అడ్డు పెడితే అది కారిడార్ కాదన్నమాట" అన్నది అమ్మాయి. నేనేమీ అనలేదు.

రామేశ్వరంలో తీర్థస్నానాలు ముగించి, పొడి బట్టలు కట్టుకొని, దర్శనమయ్యాక మూడో ప్రాకారంలోకి వచ్చాము. 18వ శతాబ్దంలో రామనాథపురం సేతుపతులు పూర్తి చేసిన ప్రాకారమిది. ఉత్తర దక్షిణాల వైపు ఒక్కొక్కటి సుమారు 640 అడుగులు, తూర్పు పడమరల వైపు 400 అడుగులు. రెండు పక్కలా ఎత్తైన అరుగుల మీద స్తంభాలు. ఈ చివర నిలబడితే ఆ చివర మనుషులు చీమల్లా కనబడతారు.

మోకాళ్ళ నొప్పులతో అమ్మ నాలుగడుగులకొకసారి ఆగుతూ నడిచింది. "దీన్ని కారిడార్ అంటారు నానమ్మా" అన్నది మనుమరాలు.

"నడవ అనవే. నడిచేది గనుక నడవ. మన ఇంట్లోనూ ఉండేదిగా, వీధివాకిలి నుండి పెరటిదాకా!"

ఉండేది. పదేళ్ళ క్రిందట నేనూ తమ్ముడూ వాటాలు పంచుకున్నప్పుడు దానికి అడ్డంగా ఇటుకగోడ పెట్టించాము. ఆనాటి నుండి అమ్మ తమ్ముడి వంటింటికి పోవాలంటే వీధిలోకి దిగి, మలుపు తిరిగి, అవతలి సందులో నుండి పోవాలి. ఈ మధ్య పోవడం మానుకున్నది.

"ఎంత పొడుగో! ఎక్కడా గోడ లేదు" అన్నది అమ్మ, నా వైపు చూడకుండానే.

ఊరు చేరాక మేస్త్రీని పిలిపించాను. ఒక్కరోజు పని అన్నాడు. తమ్ముడికి కబురు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.