గొంతు ఎవరిచేత కోయించుకోవాలి?

ల్యాప్‌టాప్ కొనేముందు పదిహేను రివ్యూలు చదువుతాం. అదే ఆపరేషన్ అనేసరికి "మా కొలీగ్ వాళ్ళ అత్తగారికి ఆయనే చేశాడంట" అన్న ముక్క చాలు మనకి :-)

మా అక్కకి థైరాయిడ్‌లో గడ్డ, 2.8 సెంటీమీటర్లు. సూది పరీక్షలో "బెథెస్డా 4" అని వచ్చింది. అంటే తేలలేదన్నమాట. ఈ రకం గడ్డ తన పైపొర దాటి బయటికి పాకిందా లేదా అన్నదాన్నిబట్టే క్యాన్సరో కాదో చెప్తారు. సూదితో లాగిన కణాల్లో అది కనబడదు, కోసి తీసి చూడాల్సిందే.

ఇంటిదగ్గర డాక్టరుగారు ఐదు నిమిషాల్లో "మొత్తం తీసేద్దాం, సోమవారం వచ్చేయండి" అన్నారు. అక్క హైస్కూల్లో తెలుగు టీచరు. తను పద్యం రాగం తీసి చదివితే పక్క క్లాసు పిల్లలు కూడా వింటారు. "గొంతు పోతే నేనేం చెయ్యాల్రా?" అంది.

ఆ భయం ఊరికే కాదు. స్వరపేటికకి వెళ్ళే నరాలు రెండు, చెరోవైపు థైరాయిడ్ వెనకనుంచే పోతాయి. అవి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. కాల్షియం సంగతి చూసే పారాథైరాయిడ్లు కూడా అక్కడే, మామూలుగా నాలుగుంటాయి, బియ్యపుగింజంత. వాటికి రక్తం అందకపోతే వేళ్ళకీ పెదాలకీ తిమ్మిర్లు, కొందరికి జీవితాంతం కాల్షియం బిళ్ళలు.

కాబట్టి చేసే చెయ్యి ముఖ్యం. అమెరికాలో దాదాపు 17 వేలమంది రోగుల వివరాలు చూసి 2017లో ఒక పేపరు వేశారు. థైరాయిడ్ మొత్తం తీసే ఆపరేషన్లు ఏడాదికి 25కి మించి చేసేవాళ్ళ దగ్గర ఇబ్బందులు తక్కువట. ఇంకా కళ్ళు తిరిగే సంగతి, అందులోని సర్జన్లలో సగంమంది ఏడాదికి చేసింది ఒక్కటి!

మన దగ్గర జనరల్ సర్జన్లు, ఈఎన్‌టీ వాళ్ళు, ఎండోక్రైన్ సర్జన్లు అందరూ ఇది చేస్తారు. (ఎండోక్రినాలజిస్టు వేరు, ఆయన మందులిస్తాడు, కత్తి పట్టడు. మా బావకి ఇది చివరిదాకా కన్ఫ్యూజనే.) ఎండోక్రైన్ సర్జరీకి ఎంసీహెచ్ అని ప్రత్యేకంగా చదువుంది, లక్నో ఎస్‌జీపీజీఐలోనూ, మన విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలోనూ. అయితే డిగ్రీ ఒక్కటే చూడక్కర్లేదని నా ఉద్దేశం. నెలకొకటి చేసే ఎంసీహెచ్ కంటే వారానికి మూడు చేసే ఈఎన్‌టీ డాక్టరే నయం.

చివరికి విశాఖలో ఒక ఎండోక్రైన్ సర్జన్‌ని కలిశాం. నేను ప్రశ్నలు కాగితమ్మీద రాసుకెళ్ళా, బావ సిగ్గుతో చచ్చిపోయాడు. "ఏడాదికి ఎన్ని చేస్తారండీ?" అంటే ఆయన విసుక్కోకుండా చెప్పారు. "ఎంతమందికి గొంతు పోయిందండీ?" అంటే కాసేపాగి, దానికీ అంకె చెప్పారు. "ఎవరికీ పోలేదు" అనుంటే నేను లేచొచ్చేసేవాణ్ణి. రెండోవైపు శుభ్రంగా ఉంది కాబట్టి సగమే తీద్దాం, క్యాన్సరని తేలితే మిగతాదానికి ఇంకోసారి రావాల్సి ఉండొచ్చు అన్నారు. ఇదంతా మా మొహాలు చూసి కాదు, అక్క మొహం చూసి చెప్పారు. అక్క అక్కడే సరేనంది. కత్తి పెట్టకముందే కెమెరాతో స్వరతంతువులు కూడా చూసి రాసిపెట్టుకున్నారు.

క్యాన్సర్ కాదని రిపోర్టొచ్చింది. నెల్రోజులు పై స్థాయి అందలేదు, ఇప్పుడు పద్యాలు మళ్ళీ మొదలెట్టింది. మిగిలిన సగం సరిపోతోందో లేదో చూడ్డానికి వచ్చేవారం టీఎస్‌హెచ్ చేయించాలి.