ఘాట్ దిగే బండి



మిత్రులారా! మన డార్మిటరీలో రాత్రి లైట్లు ఆపేశాక మోటారు సైకిళ్ల కబుర్లు మొదలవుతాయి. ఏ బండికి పికప్ ఎంత, లీటరుకి ఎంత వస్తాది, ముగ్గురెక్కితే ఎత్తు లాగుతాదా లేదా, ఇవే మాటలు. బ్రేకు గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. అందుకే ఈసారి గోడపత్రికకి మా ఇంటి బండి ముందు చక్రం గురించి రాస్తున్నాను.

మా నాన్నది నూట యాభై సీసీ పాత బండి. వయసులో నాకంటే మూడేళ్లు పెద్దది. ముందు డిస్కు బ్రేకు, వెనక డ్రమ్ము. కాఫీ గింజల బస్తా సంతకి వెళ్లేది దీని మీదే. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా పాడేరు ఆసుపత్రికి ఈ బండే. పాడేరు నుంచి చోడవరం వైపు ఘాట్ దిగితే మా అమ్మమ్మ గారి ఊరు. నెలకోసారైనా అమ్మా నాన్నా ఆ ఘాట్ దిగుతారు.

పోయిన వానాకాలంలో అలా దిగుతుంటే, సగం దారిలో ముందు బ్రేకు లివరు మెత్తబడి హ్యాండిలు దాకా వచ్చేసిందట. నాన్న గేరు రెండుకి, ఒకటికి తగ్గించి, వెనక బ్రేకు తొక్కి, కొండ వైపు కాలువలోకి దించి ఆపారు. ఆ మలుపులో ఎదురుగా బస్సు రాలేదు. అమ్మ మోచెయ్యి చెక్కుకుపోయింది. దసరా సెలవులకి వెళ్లినప్పుడు ఆ మచ్చ చూసి నేను అడిగేదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

సంక్రాంతికి కాఫీ డబ్బులొచ్చాయి. బండికి కొంత పెట్టాలని అనుకున్నారు. ఇంట్లో పెద్ద వాదన జరిగింది. అన్నయ్య ఇంజన్ బోరు చేయిద్దామన్నాడు. బండి ఎత్తు ఎక్కడం లేదని అతని బాధ. నాన్న కాసేపు ఊరుకుని, "ఒరే పెద్దోడా, ఎక్కకపోతే దిగి తోసుకుని ఎక్కిస్తాం. దిగినప్పుడు ఆగకపోతే ఏటి సేస్తాం?" అన్నారు. అన్నయ్య మరి మాట్లాడలేదు. అమ్మ చెంగు ముడి విప్పి తన దగ్గరున్న డబ్బులు కూడా కలిపింది.

మర్నాడు మెకానిక్ మామ దగ్గరికి నేనూ వెళ్లాను. అక్కడ నేర్చుకున్నది మీకు చెప్తాను.

మనం సైన్సులో చదివిన పాస్కల్ నియమమే డిస్కు బ్రేకు. లివరు నొక్కితే పైనున్న చిన్న పిస్టన్ నూనెని తోస్తుంది. ఆ ఒత్తిడి గొట్టంలో కిందికి వెళ్లి పెద్ద పిస్టన్ని తోస్తుంది. కింది పిస్టన్ వైశాల్యం ఎన్ని రెట్లు పెద్దదైతే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. కాని గొట్టం పాత రబ్బరుదైతే నొక్కినప్పుడల్లా కొంచెం ఉబ్బుతుంది. మన చేతి బలం కొంత ఆ ఉబ్బుకే పోతుంది.

రెండో సంగతి నూనె. బ్రేకు నూనె గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే లివరు ఊరికే హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. అంత వేడి ఎక్కడిదంటారా? నేను లెక్క కట్టాను. బండి, ఇద్దరు మనుషులు, ఒక బస్తా కలిపి 300 కిలోలనుకుందాం. 800 మీటర్లు దిగితే 300 × 9.8 × 800, అంటే సుమారు 23.5 లక్షల జౌళ్లు. ఏడు లీటర్ల చన్నీళ్లని మరిగే దాకా కాచేంత వేడి! ఇందులో కొంత ఇంజను, కొంత గాలి తీసుకుంటాయి. మిగిలినదంతా బ్రేకులే మోయాలి.

మామ రబ్బరు గొట్టం తీసేసి స్టీలు తీగ అల్లిన గొట్టం వేశాడు. లోపల టెఫ్లాన్ ఉంటుంది, పెద్దగా ఉబ్బదు. బోల్టుకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు పెట్టాడు. హ్యాండిలు రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి, గొట్టం ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాడు. తర్వాత గాలి తీసే పని. లివరు నా చేతికిచ్చాడు. "నొక్కు అల్లుడూ... అట్టుకో... ఇప్పుడొదిలీ" అని ఎన్నిసార్లు అన్నాడో! కింద సన్న గొట్టంలోంచి బుడగలు వస్తూ వస్తూ ఆగిపోయాయి. పాత నూనె టీ డికాక్షన్లా ఉంది. ఆ నూనె పడితే రంగు లేచిపోతుందని ట్యాంకు మీద తడిగుడ్డ కప్పించాడు.

తర్వాత ముందు ఫోర్కులు విప్పాడు. బ్రేకు కొట్టగానే బరువంతా ముందుకి వస్తుంది. స్ప్రింగు చచ్చిపోతే ఫోర్కు అడుగంటి, చక్రం గతుకుల మీద ఎగిరి, నేల పట్టు వదిలేస్తుంది. అప్పుడు బ్రేకు ఎంత మంచిదైనా లాభం లేదు. మా పాత స్ప్రింగులు కొత్త వాటి పక్కన పెడితే వేలి మందం పొట్టిగా ఉన్నాయి. గొట్టాలు వంగాయేమోనని అద్దం మీద దొర్లించి చూశాడు. కాస్త గట్టి స్ప్రింగులు, కొత్త సీళ్లు వేసి, రెండు పక్కలా సమానంగా కొలిచి నూనె పోశాడు. ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటాది కదా అన్నాను. లోపల గాలికి చోటు ఉండాలనీ, లేకపోతే సీళ్లు తన్నేస్తాయనీ చెప్పాడు.

పండగ వెళ్లాక నాన్న వెనక కూర్చుని ఘాట్ దిగాను. కింది దాకా లివరు ఒకే చోట ఆగింది. బండి ముక్కు ముందుకి కుంగలేదు. అయినా నాన్న మూడో గేరు దాటలేదు, మలుపుల్లో రెండే. కొత్త బ్రేకు వేశాం కదా అంటే, "బ్రేకు ఆపడానికిరా, జోరుగా ఎల్లడానికి కాదు" అన్నారు. ఇంకో సంగతి. 125 సీసీ దాటిన కొత్త బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. మా బండి అంతకు ముందుది. తడి రోడ్డు మీద గట్టిగా లాగితే చక్రం బిగుసుకుని జారుతుంది.

మిత్రులారా! వేసవి సెలవులకి ఇంటికి వెళ్లాక మీ బండి ముందు లివరు ఒకసారి గట్టిగా నొక్కి పట్టుకోండి. మెల్లగా లోపలికి జారుతుంటే ఇంట్లో చెప్పండి. నూనె రంగు చూడండి. బ్రేకు నూనె రెండేళ్లకోసారి మార్చాలట. ఫోర్కు సీలు దగ్గర వేలితో తుడవండి. నూనె అంటితే అది కారి డిస్కు మీదికి చేరుతుంది.

చివరగా ఒక మనవి. మన వార్డెన్ సారు బండి ఎడమ ఫోర్కు మీద నూనె చార ఉంది. సారు ప్రతి శనివారం ఘాట్ దిగుతారు. ఎదురుగా చెప్పడానికి భయమేసి ఇక్కడ రాశాను.

– 9వ తరగతి విద్యార్థి