తన్ఖా, తనఖా

ఉమ్రా చేసి వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే సవాల్ ఒకటుంది. "విమానంలో సిగరెట్ తాగితే జుర్మానా అంటారు కదా, మరి బాత్రూం తలుపు దగ్గర యాష్‌ట్రే ఎందుకు?"

జవాబు 1973లో ఉంది. ఆ ఏడాది జులై 11న రియో నుంచి పారిస్ వస్తున్న వరిగ్ కంపెనీ బోయింగ్ 707లో వెనక టాయిలెట్‌లో మంటలు లేచాయి. ఓర్లీ ఎయిర్‌పోర్టు ఇక కొద్ది దూరమే ఉందనగా పైలట్లు విమానాన్ని పొలంలో దించేశారు. 134 మందిలో 123 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. చెత్తబుట్టలో పడిన సిగరెట్ ముక్క వల్లే అయి ఉండొచ్చని అనుమానం. అప్పట్లో విమానంలో తాగడం జాయిజ్. ఇప్పుడు మనా. అయినా యాష్‌ట్రే ఉండి తీరాలి. ఇన్సాన్ నఫ్స్ మీద కానూన్‌కి భరోసా లేదు మరి. దొంగచాటుగా తాగేవాడు ఆ ముక్కని కాగితాల్లో పడేయకుండా ఉంటే అదే పదివేలు.

అయితే ఈ పాబందీ మనలాగా టికెట్ కొని ఎక్కేవాళ్లకి. అమెరికాలో ఓ సేఠ్ సొంత జెట్‌లో కూర్చుని సిగార్ వెలిగిస్తే ఎయిర్‌లైన్స్ మీద ఉన్న ఆ నిషేధం అతనికి వర్తించదు. ఆర్పమని చెప్పే ఇఖ్తియార్ కాగితం మీద కెప్టెన్‌దే. కానీ కెప్టెన్‌కి నెలనెలా తన్ఖా ఇచ్చేది ఆ సేఠే. ఉర్దూలో తన్ఖా అంటే జీతం, తెలుగులో తనఖా అంటే తాకట్టు. ఈ ఉద్యోగంలో రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది నాకు.

మా ఆపా కొడుకు, మాషా అల్లాహ్, కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. 200 గంటలు ఎగిరితే లైసెన్స్ వస్తుంది, నౌకరీ రాదు. "మామూ, కంపెనీ జెట్‌లో చేరమంటావా?" అన్నాడు మొన్న.

ఎన్నికలప్పుడు బేగంపేటలో లీడర్ల కోసం గంటలు గంటలు నిలబడ్డవాణ్ణి. నాతోపాటు ఇంతెజార్ చేసేది వాళ్ల పైలట్లే. భుజాల మీద నాలుగు పట్టీలు, చేతిలో ఎవరిదో సూట్‌కేసు. ఐస్ వచ్చిందా, చాయ్ ఫ్లాస్క్ నిండిందా అని చూసుకునేదీ వాళ్లే. ఫోన్ మోగితే పండగ లేదు, పెళ్లి లేదు. మాలికులందరూ ఒకేలా ఉండరు, ఇంటి మనిషిలా చూసేవాళ్లూ ఉన్నారు. కానీ కంపెనీకి కష్టం వస్తే ముందు పోయేది విమానమే. 2008 నవంబర్‌లో అమెరికా కార్ల కంపెనీల పెద్దలు సొంత జెట్లలో వాషింగ్టన్ వెళ్లి సర్కారుని అప్పు అడిగారు. దేశమంతా హంగామా. ఆ తర్వాత ఫోర్డ్, జీఎం విమానాల్ని వదిలించుకున్నాయి. వాటి పైలట్ల గురించి ఎవరికీ ఫికర్ లేదు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. భాంజాకి నేను చెప్పింది ఆస్పెన్ సంగతి. 2001 మార్చి 29న లాస్ ఏంజెలెస్ నుంచి కొలరాడో కొండల్లోని ఆ ఊరికి ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ కిరాయికి వెళ్లింది. పాసింజర్లు ఆలస్యంగా వచ్చారు. చీకటి పడితే అక్కడ దిగడానికి ఇజాజత్ లేదు. వేరే ఊళ్లో దిగాల్సి రావచ్చని కెప్టెన్ అన్నమాట తెలిసి కిరాయికి తీసుకున్నాయన మండిపడ్డాడు. రన్‌వే చేరకుండానే విమానం కూలింది. 18 మందిలో ఒక్కరూ మిగల్లేదు. దర్యాప్తు రిపోర్టు చెప్పిన కారణాల్లో కెప్టెన్ మీద ఆ కస్టమర్ తెచ్చిన ఒత్తిడి కూడా ఉంది. పాసింజర్ల జాన్ పైలట్ చేతిలో అమానత్ అంటాం. అమానత్‌కి ఖియానత్ దురాశతోనే జరగనక్కర్లేదు, "జీ సర్" అన్నా జరిగిపోతుంది.

"జీతం తర్వాత అడుగు బేటా. వాళ్ల పైలట్ ఎవరైనా 'ఇవాళ కుదరదు సర్' అన్నాడా, అన్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడా, ముందు అది కనుక్కో" అన్నాను.

కనుక్కున్నాడు. జీతం ఎంతో ఫోన్‌లోనే చెప్పేశారట. ఈ సవాల్‌కి మాత్రం "చేరాక మాట్లాడదాం" అన్నారట. వాడింకా ఆలోచిస్తున్నాడు. ఆపా నాతో మాట్లాడటం లేదు.